పాత ఆర్చ్‌టాప్ గిటార్లు: గొంతులను సేకరించడం, పోల్చి వినడం

ఆర్చ్‌టాప్ గిటారును ఒడిలో పెట్టుకుని వాయిస్తున్న మనిషికి దాని పూర్తి గొంతు వినిపించదు. అది ఎదురుగా, నాలుగైదు మీటర్ల అవతల కూర్చున్నవారికి చేరుతుంది. గిటారుకు యాంప్లిఫయర్ లేని రోజుల్లో, ట్రంపెట్లు, శాక్సొఫోన్లు, డ్రమ్ములు ఒకేసారి మోగుతున్న నృత్యశాలలో లయ వెనక వరస దాకా వెళ్లాలని ఈ వాద్యాన్ని తీర్చిదిద్దారు. అందుకే పైపలకను వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కారు. తీగలను మోసే చెక్క ముక్కను బ్రిడ్జి అంటారు. తీగలను దానికి కట్టకుండా, దాని మీదుగా దాటించి చివరనున్న టెయిల్‌పీస్‌కు తగిలించారు. ఆ తీగలు బ్రిడ్జిని కిందికి అదుముతాయి. మీటిన వెంటనే శబ్దం ఎగిసిపడుతుంది, త్వరగా ఆరిపోతుంది. ఒంటరిగా, దగ్గరగా వింటే కాస్త పొడిగా అనిపించే ఆ గుణమే పది వాద్యాల మధ్య దాన్ని స్పష్టంగా నిలబెడుతుంది.

అయినా పాత ఆర్చ్‌టాప్‌లను కొనేవారిలో, పోల్చేవారిలో చాలామంది ఒడిలో విన్నదాన్నిబట్టే తీర్పు చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. రెండు గిటార్లలో ఒకటి గొప్పదని గట్టిగా నమ్మి, రెండోదాన్ని వదులుకున్నాను. తరువాత తెలిసింది, గొప్పదనుకున్నదానికి వారం కిందటి తీగలు ఉన్నాయి, వదులుకున్నదానికి ఏడాది కిందటివి ఉన్నాయి. ఆ గిటారు మళ్లీ నాకు దొరకలేదు. ఆ తప్పు మీకు జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ గొంతులు కావాలో తేల్చుకోండి

పేరును చూసి సేకరిస్తే ఒకే రకం గొంతున్న నాలుగు ఖరీదైన గిటార్లు ఇంట్లో చేరతాయి. నిర్మాణంలో తేడాను చూసి సేకరిస్తే, ఎంత తక్కువ గిటార్లయినా ఒక్కొక్కటీ మరోదానికి లేనిది చెబుతుంది. కాబట్టి ముందు ఆ తేడాలు తెలియాలి.

శబ్దరంధ్రంతో మొదలుపెడదాం. అమెరికా సంస్థ గిబ్సన్ చేసిన ఎల్-4 వంటి తొలినాటి గిటార్లకు చెక్కిన పైపలక ఉన్నా, మధ్యలో గుండ్రటి లేదా అండాకారపు రంధ్రమే ఉండేది. 1922లో వచ్చిన ఎల్-5 ఆ స్థానంలో వయొలిన్ తరహాలో రెండు ఎఫ్ రంధ్రాలను తెచ్చింది. ఆ గిటారు రూపకల్పనతో గిబ్సన్ ఇంజనీరు లాయిడ్ లోర్ పేరు ముడిపడి ఉంది. 1924 చివర ఆయన ఆ సంస్థను వదిలివెళ్లారు. ఆయన సంతకం చేసిన లేబుల్ ఉన్న వాద్యాలకు అందుకే అంత విలువ. జాజ్ గిటారిస్టు ఎడ్డీ లాంగ్ ఎల్-4 నుంచి ఎల్-5కు మారారు. అమెరికా పల్లె పాటల కళాకారిణి మేబెల్ కార్టర్ దశాబ్దాలపాటు వాయించింది 1928 నాటి ఎల్-5ను. జాజ్‌కు, పల్లె పాటకు రెండింటికీ ఒకే నమూనా ఒదిగిందంటే, అది ఒక్క శైలి కోసం పుట్టిన గిటారు కాదని అర్థం. గుండ్రటి రంధ్రపు గిటారు మందంగా, తియ్యగా పలుకుతుంది. ఎఫ్ రంధ్రాల గిటారు గొంతు ముందుకు దూసుకొస్తుంది.

తరువాతిది వెడల్పు. మొదటి ఎల్-5 వెడల్పు 16 అంగుళాలు. 1930ల మధ్యలో అది 17 అంగుళాలకు పెరిగింది. 1934లో 18 అంగుళాల సూపర్ 400 వచ్చింది. అందులోని 400 దాని ధరే, అమెరికన్ డాలర్లలో. 1935లో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ సంస్థ అంతకంటే కాస్త వెడల్పైన ఎంపరర్‌తో బదులిచ్చింది. బోస్టన్‌లో చార్లెస్, ఎల్మర్ స్ట్రామ్‌బర్గ్ అనే తండ్రీకొడుకులు మాస్టర్ 400 పేరుతో 19 అంగుళాల దాకా వెళ్లారు. పెద్దది కాబట్టి గట్టిగా మోగుతుందని అనుకోకండి. వెడల్పు పెరిగితే మంద్రస్వరాల్లో నిండుదనం వస్తుంది, కానీ పెద్ద పలకను కదిలించడానికి కుడిచేతిలో బలం కావాలి. మెత్తగా మీటేవారికి మంచి 16 అంగుళాల గిటారే ఎక్కువ పలుకుతుంది.

మూడోది లోపల, కంటికి కనిపించని చోట ఉంటుంది. పైపలక అడుగున అతికించిన బద్దలు. రెండు బద్దలు దాదాపు సమాంతరంగా నిడివిగా నడిస్తే శబ్దం బిగువుగా, మధ్యమ స్వరాల మీద కేంద్రీకృతమై, మీటిన చోటే పేలినట్టు వస్తుంది. అవే బద్దలు గుణకారపు గుర్తులా దాటుకుంటే గొంతు విచ్చుకుంటుంది, మంద్రం లోతవుతుంది, నాదం కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. గిబ్సన్ 1930ల మధ్య నుంచి ఆ దశాబ్దం చివరి దాకా తన పెద్ద గిటార్లలో ఈ రెండో పద్ధతిని వాడి, తిరిగి సమాంతరపు బద్దలకు వచ్చింది. ఎల్మర్ స్ట్రామ్‌బర్గ్ తన తరువాతి గిటార్లలో ఒకే ఒక్క ఏటవాలు బద్దతో సరిపెట్టారు. ఒకే నమూనాకు చెందిన, ఈ రెండు పద్ధతుల గిటార్లను పక్కపక్కన వినే అవకాశం దొరికితే వదులుకోకండి. నాకు తెలిసిన పోలికలన్నింటిలోకీ ఎక్కువ నేర్పేది అదే.

చివరిది పలక తయారీ. ఖరీదైనవాటిలో మందపాటి స్ప్రూస్ చెక్కను ఉలితో తొలిచి వంపు తెస్తారు. షికాగోలోని హార్మనీ, కే సంస్థలు చవక గిటార్లకు పలుచని చెక్కను వేడితో నొక్కి వంచాయి. మూడో రకం పొరలను అతికించి చేసిన పలక. 1949లో వచ్చిన గిబ్సన్ ఇఎస్-175 ఈ రకమే. అది నాసిరకం పని కాదు. యాంప్లిఫయర్ ఎదుట తొలిచిన పలక ఊళపెడుతుంది, పొరల పలక ఆ ఊళను తట్టుకుంటుంది. దానికి ముందు 1936లో వచ్చిన ఇఎస్-150కి మాత్రం తొలిచిన పలకే ఉంది. జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ గిటారును సోలో వాద్యంగా నిలబెట్టింది దానితోనే. తొలిచినదో, పొరలదో తెలుసుకోవాలంటే ఎఫ్ రంధ్రపు అంచును భూతద్దంతో చూడండి. చెక్క పైనున్న గీతలు మందంలోకి నిరాటంకంగా దిగితే ఒకే చెక్క. అడ్డంగా మరో పొర కనిపిస్తే అతికించినది. రంధ్రపు అంచుకు రంగు పూసి ఉంటే చిన్న అద్దాన్ని లోపలికి పంపి, పలక అడుగున ఉన్న గీతలు పైవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి.

ఇన్ని రకాలనూ కొని తీరాలని లేదు. పోల్చడానికి సొంతం కానక్కరలేదు. ఒకటి రెండు మీ దగ్గర ఉండి, మిగిలినవి తోటి సేకర్తల నుంచి ఒక్క రోజుకు దొరికినా చాలు.

రెండో అడుగు: కొనేముందు చేతితో, కంటితో, చెవితో పరీక్షించండి

ముందు బ్రిడ్జి ఎత్తు చూడండి. పాత ఆర్చ్‌టాప్ ఆరోగ్యం అక్కడ తెలుస్తుంది. బ్రిడ్జిని పూర్తిగా కిందికి దించినా తీగలు మెట్లకు ఎత్తుగానే ఉంటే మెడ ముందుకు వాలిందన్నమాట. దాన్ని విడదీసి మళ్లీ కోణం సరిచేయాలి. అది నిపుణుల పని, ఖర్చుతో కూడినది. బ్రిడ్జి కింద పైపలక కుంగిందేమో పక్క నుంచి వంగి చూడండి. కొద్దిపాటి కుంగుబాటు వయసుకు సహజం. బద్ద ఊడిపోయి కుంగితే అది వేరే కథ. వేలి కణుపుతో పలకంతటా మెల్లగా తట్టండి. గట్టి చోట టక్కుమంటుంది, బద్ద వదులైన చోట జిర్రుమంటుంది.

మీటే పిక్ గీతలు పైపలక మీద పడకుండా కాపాడే రేకు పిక్‌గార్డు. పాతదైతే దాన్ని తప్పక చూడండి. ఆ కాలపు సెల్యులాయిడ్ ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తాను కుళ్లుతుంది. అప్పుడు వెలువడే ఆవిరి లోహభాగాలను పచ్చగా తుప్పుపట్టిస్తుంది, దగ్గరున్న అంచుపట్టీలను కూడా పాడుచేస్తుంది. అంచులు ముడుచుకుని, పొడిపొడిగా రాలుతున్న పిక్‌గార్డు కనిపిస్తే దాన్ని వెంటనే తీసి, గిటారు పెట్టెకు దూరంగా విడిగా దాచండి. పారేయవద్దు. ఆ రూపానికి నకలు చేయించడానికి అదే ఆధారం.

పికప్ (తీగల కదలికను యాంప్లిఫయర్‌కు పంపే విద్యుత్ సంకేతంగా మార్చేది) కోసం తరువాత కొట్టిన రంధ్రాలు, మళ్లీ వేసిన రంగు, మార్చిన టెయిల్‌పీస్, ఇవన్నీ సేకరణ విలువను తగ్గిస్తాయి. నాదం సంగతి వేరు. పలకను కోసి పికప్ బిగిస్తే నాదం నిజంగా మారుతుంది. టెయిల్‌పీస్ మారితే మారవచ్చు, మారకపోవచ్చు. మళ్లీ రంగు వేసిన గిటారు కొన్నిసార్లు అసలుదానంత బాగా పలుకుతుంది. నాదం కోసం సేకరించేవారికి అలాంటి గిటారు ఒక వరం.

గిటారు సరిహద్దులు దాటి రావాల్సి ఉంటే మరొకటి గుర్తుంచుకోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అరుదైన వన్యజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం (సైటీస్) కింద అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. ఏనుగు దంతానికి, తాబేలు చిప్పకూ ఆంక్షలున్నాయి. పత్రాలు లేకుండా ముందుగా డబ్బు చెల్లించకండి.

మూడో అడుగు: వయసు నిర్ధారించుకోండి

అమ్మేవారు చెప్పిన సంవత్సరాన్ని వాద్యం మీద ఉన్న ఆధారంతో సరిచూడండి. గిబ్సన్ గిటార్ల లోపల, ఎఫ్ రంధ్రంలోంచి చూస్తే కనిపించేలా, కర్మాగారపు వరుస సంఖ్య ముద్ర తరచుగా ఉంటుంది. 1952 నుంచి 1961 దాకా ఆ సంఖ్యకు ముందున్న ఆంగ్ల అక్షరమే సంవత్సరాన్ని చెబుతుంది, అదీ అక్షరమాలలో వెనక నుంచి. జెడ్ అంటే 1952, వై అంటే 1953, అలా క్యూ దాకా వస్తే 1961. జాన్ డాంజెలికో న్యూయార్క్‌లోని తన చిన్న దుకాణంలో 1932 నుంచి 1964లో మరణించేదాకా చేసిన గిటార్లకు వరుస సంఖ్యలు వేసి, పుస్తకంలో రాసిపెట్టారు. ఆ సంఖ్యలు 2164 దగ్గర ఆగుతాయి. పికప్పులు కూడా సాక్ష్యమిస్తాయి. గిబ్సన్ వారి హంబకర్ అనే రకం పికప్ 1957లో వాడుకలోకి వచ్చింది కాబట్టి, 1953 నాటిదని చెప్పే గిటారుకు అది ఉంటే ఎవరో తరువాత మార్చారన్నమాట.

నాలుగో అడుగు: అన్నింటినీ ఒకే స్థితికి తెండి

పోలిక విలువంతా ఈ అడుగులోనే ఉంది. దీన్ని తొందరగా ముగిస్తే మిగిలిన శ్రమ వృథా.

తీగలు ఒకే సంస్థవి, ఒకే లోహంవి, ఒకే మందంవి కావాలి. ఒకే రోజు బిగించి, ప్రతి గిటారునూ సమానంగా వాయించి, రెండు మూడు రోజులు కుదురుకోనివ్వండి. పికప్ ఉన్నవీ లేనివీ కలిపి పోలుస్తుంటే నికెల్ చుట్టిన గరుకు తీగలు వాడండి. కంచు తీగలు చెవికి బాగున్నా, అయస్కాంతపు పికప్ వాటికి సరిగా స్పందించదు. నున్నని చుట్టు ఉన్న తీగలు గిటార్ల మధ్య తేడాలను కప్పేస్తాయి కాబట్టి పోలికకు పనికిరావు, వాయించడానికి ఎంత హాయిగా ఉన్నా సరే. మందం విషయంలో మొదటి తీగ 0.012 అంగుళాల జత మధ్యస్థంగా ఉంటుంది. పలక ఆరోగ్యం మీద అనుమానముంటే అంతకంటే బరువైనవి బిగించకండి.

తరువాత బ్రిడ్జి పాదాలు. బ్రిడ్జి జిగురుతో అతికించినది కాదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. పాదం పలక వంపుతో పూర్తిగా కలవకపోతే నాదంలో కొంత అక్కడే ఆగిపోతుంది. కార్బన్ కాగితాన్ని పాదం కింద పెట్టి కొద్దిగా కదిపితే, తాకుతున్న చోటే మచ్చ పడుతుంది. మచ్చ పాదమంతా సమంగా లేకపోతే నిపుణుడి చేత సరిచేయించండి. గొంతు పోయిందనుకున్న ఒక గిటారు ఈ ఒక్క పనితో నా కళ్లెదుట తిరిగి పలికింది. బ్రిడ్జి స్థానం కూడా సరిచూడండి. పన్నెండో మెట్టు దగ్గర తీగను తేలికగా తాకి మీటిన స్వరం, అదే మెట్టు మీద నొక్కి మీటిన స్వరం ఒకటి కావాలి.

తీగల ఎత్తును పన్నెండో మెట్టు దగ్గర స్కేలుతో కొలిచి, అన్ని గిటార్లకూ వీలైనంత దగ్గరగా ఉంచండి. తీగలు ఎత్తు పెరిగితే మీటుకు బలం వస్తుంది. 1937 నుంచి 1987లో మరణించేదాకా కౌంట్ బేసీ జాజ్ బృందంలో లయ మోసిన ఫ్రెడ్డీ గ్రీన్ తీగలను బాగా ఎత్తుగా ఉంచుకుని, దాదాపుగా యాంప్లిఫయర్ లేకుండానే వాయించారు. ఆయన గిటారు అంత పెద్ద బృందంలో వినిపించడానికి ఆ ఎత్తు, ఆ చెయ్యి కూడా కారణమే. కాబట్టి ఒక గిటారు తీగలు ఎత్తుగా, మరొకటి తక్కువగా ఉంటే మీరు పోలుస్తున్నది చెక్కను కాదు, అమరికను.

మెడ మీద తీగ నిడివి మాత్రం మార్చలేరు. 25.5 అంగుళాల నిడివి ఉన్న గిటారులో తీగ బిగువుగా ఉంటుంది, 24.75 ఉన్నదానిలో కాస్త మెతగ్గా ఉంటుంది. ఆ తేడాను పుస్తకంలో రాసుకుని, విన్నప్పుడు లెక్కలోకి తీసుకోండి.

గిటార్లన్నీ కనీసం రెండు రోజులు ఒకే గదిలో, 45 నుంచి 50 శాతం గాలి తేమలో ఉండాలి. తేమ పెరిగితే పలక ఉబ్బి గొంతు మందగిస్తుంది.

ఐదో అడుగు: కుర్చీ, మైకు, గది

గోడలు మరీ దగ్గరగా లేని, తివాచీ, పుస్తకాలు, పరదాలు ఉన్న మామూలు గది చాలు. కుర్చీ కాళ్ల చోట, మైకుల చోట నేలమీద టేపు అంటించండి. ఒక మైకు మీటరు దూరంలో, రెండోది నాలుగైదు మీటర్ల దూరంలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. అసలు సాక్షి రెండోదే. అన్ని దిక్కుల శబ్దాన్నీ సమంగా తీసుకునే మైకు దొరికితే మేలు, ఎందుకంటే ఒకే దిక్కును తీసుకునే మైకు దగ్గరికొస్తే మంద్రాన్ని పెంచి చూపుతుంది. రికార్డింగ్ స్థాయిని అన్నింటికంటే గట్టిగా మోగే గిటారుకు సరిపోయేలా ఒకసారి అమర్చి, ఇక ముట్టుకోకండి. ఫోనుతో రికార్డు చేయవద్దు. శబ్దాన్ని తనంతట తాను పెంచీ తగ్గించే ఏర్పాటు దానిలో ఉంటుంది, అది తేడాలన్నింటినీ చదును చేసేస్తుంది.

వెనుక పలకను పొట్టకు ఆనించకుండా గిటారును కాస్త ముందుకు వాల్చి పట్టుకోండి. ఆ పలక కూడా మోగుతుంది.

ఆరో అడుగు: ఏమి వాయించాలి

ఒకే మనిషి, ఒకే పిక్, ఒకే వేగం. వేగాన్ని టిక్కులతో చెప్పే మెట్రోనోమ్‌ను చెవిలో వింటూ వాయించండి. ఆరు ఖాళీ తీగలను ఒక్కొక్కటిగా మీటి, ఆరిపోయేదాకా వదలండి. తరువాత మూడు స్వరాలు కలిసి మోగే కార్డులతో నాలుగు దెబ్బల లయ, ఒక నిమిషం. ఆర్చ్‌టాప్ ఎందుకు పుట్టిందో ఆ నిమిషంలో తేలిపోతుంది. ఆపై రెండో తీగ మీద పైకి వెళ్లే ఒంటరి రాగపు వరుస. చివరికి ఒకే కార్డును అతి మెత్తగా మొదలుపెట్టి, చేతిలో ఉన్న బలమంతా పెట్టేదాకా పెంచుకుంటూ వెళ్లండి. కొన్ని గిటార్లు సగం బలం దగ్గరే నోరు మూసుకుంటాయి. ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటూ ఇచ్చేవి కొన్నే. గొప్ప ఆర్చ్‌టాప్‌ను గుర్తుపట్టడానికి నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఇదే.

ప్రతి అంశాన్నీ మూడుసార్లు రికార్డు చేయండి. చెయ్యి ప్రతిసారీ ఒకేలా పడదు.

మైకుకు సంబంధం లేని చిన్న పరీక్ష కూడా ఉంది. ఎఫ్ రంధ్రం దగ్గర నోరు పెట్టి, మంద్రం నుంచి పైకి మెల్లగా హమ్ చేయండి. ఒకచోట గిటారు ఒళ్లంతా గుమ్మని అదురుతుంది. ఆ స్వరం పేరు రాసుకోండి. గిటారు లోపలి గాలి మోగే స్వరం అది.

ఏడో అడుగు: పేరు తెలియకుండా వినండి

రికార్డింగులకు గిటారు పేర్లు కాకుండా అంకెలు వేయమని మరొకరిని అడగండి. జాబితా వారి దగ్గరే ఉండాలి. రెండు విడతలుగా వినండి. మొదటి విడత దూరపు మైకు శబ్దాన్ని ఉన్నదున్నట్టు విని, ఏది ఎంత దూరం చేరుతోందో చూడండి. గట్టిదనం ఆర్చ్‌టాప్ గుణాల్లో ఒకటి కాబట్టి దాన్ని తుడిచేయకూడదు. రెండో విడతకు ముందు అన్నింటి సగటు గట్టిదనాన్ని కంప్యూటర్‌లో సమం చేయండి. సమం చేయకపోతే అర డెసిబెల్ ఎక్కువున్నది కూడా గట్టిగా కాక మేలుగా వినిపిస్తుంది. మన చెవి స్వభావమే అంత.

ఐదు నుంచి పది సెకన్ల ముక్కలు వింటూ ఒకదాని నుంచి మరోదానికి వెంటనే మారండి. నాదపు సూక్ష్మాలు జ్ఞాపకంలో ఎంతోసేపు నిలవవు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. అంకెలు వేసేవారిని ఒక గిటారు రికార్డింగులు రెండింటిని వేర్వేరు అంకెలతో కలపమనండి. ఆ రెండింటినీ మీరు వేర్వేరు గిటార్లుగా వర్ణిస్తే, మిగిలినవాటి మీద రాసిన వర్ణనలను కూడా పక్కనపెట్టి మరో రోజు మళ్లీ వినండి. రెండు గిటార్ల మధ్య తేడా నిజంగా వినిపిస్తోందా అన్న సందేహముంటే, ప్రతిసారీ ఆ రెండింటిలో ఒకదాని ముక్కను యాదృచ్ఛికంగా ఎంచి, అలా 10 సార్లు వినిపించమనండి, విన్న ప్రతిసారీ అది ఏ గిటారో చెప్పండి. ఊహమీద 9 లేదా 10 సరిగ్గా చెప్పే అవకాశం దాదాపు నూటికి ఒకటే. అంత వచ్చాక ఆ తేడా మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: మాటల్లో పెట్టండి, పేర్లు ఆ తరువాతే చూడండి

మన భాషలో గొంతుకు ఉన్న మాటలే ఇక్కడ పనికొస్తాయి. తెరిచిన గొంతు, ముక్కు గొంతు, బొంగురు, కంచు, పీల, మెత్తన. వాటిని నాదం మూడు దశలకూ విడివిడిగా వాడండి: మీటిన క్షణం, నడిమి నిండుదనం, ఆరిపోయే తీరు. ఒక గిటారు కంచులా మొదలై, మెత్తగా నిండి, ఠక్కున ఆరిపోవచ్చు. మరొకటి మెత్తగా మొదలై, గంటలా సాగవచ్చు. రెండింటినీ "బాగుంది" అని రాసుకుంటే ఏడాది తరువాత ఆ పుస్తకం మీకే పనికిరాదు. మాటల పక్కనే తీగల వివరం, తేమ, తీగల ఎత్తు, తేదీ, వాయించినవారి పేరు కూడా రాయండి. అంతా రాశాకే జాబితా తెరవండి.

నా పుస్తకంలో పేరుమోసిన గిటారు కంటే నొక్కి వంచిన పలకతో చేసిన చవక గిటారు లయ పరీక్షలో పైకి వచ్చిన పుట ఒకటి ఉంది. ఎన్నిసార్లు విన్నా ఫలితం మారలేదు. నెమ్మది రాగపు వరుసలో మాత్రం అది వెనకబడింది. ఏ గిటారు మేలు అనే ప్రశ్నకు, ఏ పనికి అనే మరో ప్రశ్న తోడు లేకుండా జవాబు రాయడం ఆ రోజు నుంచి మానేశాను.

తరువాత వచ్చే గిటార్ల కోసం

సేకరణలో బాగా కుదురుకున్న ఒక గిటారును కొలమానంగా ఎంచుకోండి. అది అన్నింటికంటే గొప్పది కానక్కరలేదు, ఏళ్లు గడిచినా మార్పులు తక్కువగా ఉండేదైతే చాలు. కొత్తగా ఏ గిటారు వచ్చినా దాన్ని పాత రికార్డింగులతో పోల్చకండి. గది సామాను మారి ఉంటుంది, మైకు ఒక వేలెడు జరిగి ఉంటుంది, మీ చెయ్యి మారి ఉంటుంది. కొలమానపు గిటారుకు కొత్తదానితోపాటే తీగలు మార్చి, అదే రోజు, అదే కుర్చీలో కూర్చుని, రెండింటినీ మొదటి నుంచి రికార్డు చేయండి.